అట్ట మీద చుక్క

సూరత్‌లోని లింబాయత్‌లో మున్సిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమం బడులు చూసి రమ్మని ఎడిటర్ పంపారు. ఆ కథనం విడిగా రాస్తాను. ఇది మా చిన్నాయన మారుతి 800 కింద పడుతున్న నూనె చుక్క గురించి, ఆ చుక్క పుట్టిన చోటు వెతికి పట్టుకున్న మనిషి గురించి.

కారు 1997 నాటిది, కార్బురేటర్ బండి. సిరిసిల్ల దగ్గరి మా ఊళ్లో చేనేత మగ్గం కూడు పెట్టలేని రోజుల్లో చిన్నాయన భీవండి వెళ్లాడు, అక్కణ్నుంచి సూరత్ వచ్చాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రిపాళ్లు చేసి దాచుకున్న డబ్బుతో ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. 2014 జనవరిలో కంపెనీ ఆ మోడల్ తయారీ ఆపేసినా ఆయన అమ్మలేదు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అదీ కట్టాడు.

చిక్కు నూనెతో వచ్చింది. అపార్ట్‌మెంట్ పార్కింగులో కొత్తగా పరిచిన పలకల మీద నల్లటి మరకలు పడుతున్నాయని సొసైటీ వాళ్లు రెండుసార్లు చెప్పారు. ఒక పెద్ద వర్క్‌షాప్‌కు తీసుకెళితే కిందికి వంగి ఒక్క చూపు చూసి, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, 9,000 అవుతుంది అన్నారట. ఇంత పాత బండికి అంత ఎందుకు, తుక్కుకు ఇచ్చేయండి అని సలహా కూడా చెప్పారట. ఆ మాట చిన్నాయనకు గట్టిగా తగిలింది. నేను వెళ్లిన సాయంత్రం బడుల సంగతి అడగనే లేదు. "పొద్దుగాల బావ షెడ్డుకు పోదాం, నువ్వు గూడ రా" అన్నాడు.

ఆ బావ వరసకు నాకు మామ. షెడ్డు అంటే నాలుగు రేకులు, ఒక గొయ్యి, గోడకు వేలాడే స్పానర్లు. పక్క గల్లీలో సాంచాల చప్పుడు ఒక్క క్షణం ఆగదు. మామ కూడా మొదట సాంచాల మీద జాపరే. మరమగ్గం చెడితే బాగుచేసే మనిషిని మావైపు జాపర్ అంటారు. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి అరుగుదల వినడం ఆయన అక్కడే నేర్చుకున్నాడు. తెల్లని గుడ్డ మీద ఒక్క నూనె చుక్క పడితే సేటు కూలీలో కోత పెట్టేవాడట. "గా సుక్క ఏ బేరింగ్‌కెల్లి వచ్చిందో పట్టుడే నా పని అల్లుడా. బట్టలకెల్లి బండ్లకొచ్చిన, గంతే" అన్నాడు.

వచ్చీ రాగానే బానెట్ తీయలేదు. రాత్రంతా కారు కింద ఏం పరిచారని అడిగాడు. చిన్నాయన డిక్కీలోంచి అట్టపెట్టె ముక్క తీసి ఇచ్చాడు. ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్సిలుతో గీశారు. మామ దాన్ని వెలుతురుకు పట్టి చుక్కను వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గేర్ నూనె అయితే ఘాటైన గంధకం వాసన, కూలెంట్ అయితే తియ్యటి వాసన వస్తుంది. ఇది ఇంజన్ నూనే. చుక్క ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు కింద పడింది. వర్క్‌షాప్ వాళ్లు సీల్ అన్నది ఇది చూసే.

"కారేటి జాగ వేరు, పుట్టేటి జాగ వేరు. కిందికెల్లి మీదికి పోవాలె" అంటూ పని మొదలుపెట్టాడు.

కిరసనాయిలులో బ్రష్ ముంచి, ఏళ్ల జిడ్డంతా కడిగాడు. గాలి పట్టి ఆరబెట్టాడు. తర్వాత చిన్నపిల్లలకు రాసే పౌడర్ డబ్బా తీసి ఇంజన్ మీద మెత్తగా చల్లాడు. ఇంజన్ తెల్లగా, సున్నం వేసిన గోడలా అయింది. స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు వదిలేశాడు. మేం చాయ్ తాగుతున్నాం గానీ ఆయన కళ్లు ఇంజన్ మీదే ఉన్నాయి. ఆపాక చిన్న అద్దం ముక్కను వెనక్కి జొనిపి ఫోన్ లైటు వేశాడు. నన్ను పిలిచి చూపించాడు. తెల్లటి పౌడర్ మీద నూలుపోగంత సన్నటి నల్లగీత. అది సీల్ దగ్గర మొదలవలేదు. హెడ్డు చివర, గేర్‌బాక్స్ వైపు ఉండే డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గర మొదలై, హెడ్డు అంచు పట్టుకుని దిగి, అతుకు దగ్గరకొచ్చి చుక్క కడుతోంది. పైన ఒక రబ్బరు రింగు పోతే నేరం కిందున్న సీల్ మీద పడింది.

విప్పేముందు డిస్ట్రిబ్యూటర్ కూర్చున్న చోట సన్నని గీత గీశాడు. లోపల రోటర్ ఎటు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టాడు. అది అటూ ఇటూ జరిగితే టైమింగ్ మారిపోతుంది. బయటికి వచ్చిన రింగు వేడికి గట్టిపడి, గుండ్రదనం పోయి పలకబారింది. గోటితో వంచగానే విరిగింది. కొత్త రింగుకు నూనె రాసి, మెలిపడకుండా వేళ్లతోనే ఎక్కించాడు.

అంతటితో వదలలేదు. ఇంజన్ నడుస్తుండగా నూనె పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. నా చెయ్యీ పెట్టించాడు. లోపలి గాలి గుద్దుతున్నట్టు తగిలింది. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కిందికి దిగడం ఏ ఇంజన్‌కైనా మామూలే. అది బయటికి పోవడానికి బ్రీథర్ పైపు ఉంటుంది. పైపు పూడితే ఆ ఒత్తిడి బలహీనమైన చోట నూనెను తోసేస్తుంది. ఒక సీల్ మారిస్తే ఇంకోటి కారుతుంది. పైపు ఊడదీస్తే లోపల తారులాంటి మడ్డి. పెట్రోలు పోసి తీగతో తోడేశాడు. మళ్లీ అరచెయ్యి పెట్టినప్పుడు గాలి మెత్తగా తగిలింది.

ట్యాపెట్ కవర్ దగ్గర మాత్రం ఆయనకు కోపమొచ్చింది. ప్యాకింగ్ మార్చడానికి బద్ధకించి పైనుంచి సిలికాన్ పూసేశారు ఎవరో. బోల్టులు బలంకొద్దీ బిగించారు. ఎక్కువ బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు గానీ కవర్ అంచు వంగి ఇంకా కారుతుంది. ఉబికిన సిలికాన్ లోపల తెగిపడితే అడుగున నూనె ఉండే చాంబర్‌లోని జాలీకి అడ్డం పడి నూనె అందక ఇంజనే పోతుంది. బ్లేడుతో ఒక్కో పొరా గీకుతూ ఆయన అన్న మాట నాకు ఇంకా వినిపిస్తోంది. "సామాను మారిస్తే పైసలిస్తరు అల్లుడా. ఎతికితే ఎవ్వలియ్యరు. గందుకే ఎవ్వలు ఎతుకుతలేరు."

బిల్లు కాగితంలో పార్టుకు ఒక గడి ఉంటుంది, లేబర్‌కు ఒక గడి ఉంటుంది. ఆలోచించిన గంటకు గడి లేదు. ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లు నేర్పుతారు. కానీ ఇంజన్‌కు పౌడర్ చల్లి ఓపికగా కూర్చునే మనిషి పక్కన ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి, ఆ కుర్రాడికి స్టయిపెండ్ ఇప్పిస్తే తప్ప ఈ విద్య నిలవదు. మామ దగ్గర ఇప్పుడు ఒక్క శిష్యుడూ లేడు. ఉన్న ఒక్కడూ పార్సిళ్లు చేరవేసే పనికి వెళ్లిపోయాడు, నెల తిరిగేసరికి చేతికి డబ్బొస్తుందని. వాణ్ని తప్పుపట్టలేను. ఇక వర్క్‌షాప్ వాళ్లన్న తుక్కు మాటకొస్తే, 2021 ఆగస్టు 13న ఈ గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లో జరిగిన సదస్సులో ప్రధాని పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించారు. పొగ కక్కే బండిని తుక్కు చేయాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక రింగు, ఒక పూడిన గొట్టం తప్ప ఇంకే జబ్బూ లేని బండిని తుక్కనడం వెతకడం చేతకానివాళ్ల మాట. ఆ మాటకే రేటు ఎక్కువ పలుకుతున్నందుకు నాకు కోపం.

వాడేసిన నూనెను మామ గోతిలో ఒలకబోయలేదు. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత నూనె కొనేవాడి కోసం పక్కన పెట్టాడు.

ఎంతివ్వాలని చిన్నాయన జేబులో చెయ్యి పెడితే మామ వద్దన్నాడు. "అట్ట మూడు రాత్రులు పొడిగుండాలె. అప్పుడు తీస్కుంట."

నేను మర్నాడు నవజీవన్ రైలు ఎక్కాను. ఆ తర్వాతి పొద్దున చిన్నాయన ఫోన్ చేశాడు. రెండో రాత్రి కూడా అట్ట మీద చుక్క లేదట. దాన్ని తీసుకుని షెడ్డుకు పోతే మామ వెలుతురుకు పట్టి రెండువైపులా చూసి, ఇంకో రాత్రి ఉందని తిరిగి ఇచ్చేశాడట.