యజమాని ఎవరు?

నేను ఒక ప్రభుత్వ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తాను. ఏటేటా ఆదేశిక సూత్రాల పాఠం వస్తుంది. రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు పని హక్కును సమకూర్చాలని 41వ అధికరణం, కార్మికులకు జీవన వేతనం లభించేందుకు పాటుపడాలని 43వ అధికరణం అంటున్నవి. వీటిని న్యాయస్థానాలు అమలు జరిపించజాలవని 37వ అధికరణం అంటున్నది. విద్యార్థులు మూడింటినీ శ్రద్ధగా రాసుకుంటారు.

2018లో ఒకనాడు ఈ పాఠం ముగించి వస్తుంటే, వరండా వూడ్చే ఆమె నన్ను ఆపింది. "సారూ, నాలుగు నెలలాయె, జీతం రాలే. ఎవరినడగాలె?" అంది.

ప్రిన్సిపాలుగారిని అడిగాను. "ఆమె మన ఉద్యోగి కాదు గదండీ, కాంట్రాక్టరు మనిషి" అన్నారు. కాంట్రాక్టరేమో, ప్రభుత్వం నుంచి బిల్లు రాలేదన్నాడు. పన్నెండేళ్లుగా ఏ గది వూడవాలో ఆమెకు చెప్పింది మేమే. ఆలస్యమైతే కసిరిందీ మేమే. పని చేయించుకొనేటప్పుడు మేము యజమానులం. జీతం మాట వచ్చేసరికి ఎవరమూ కాము.

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రభుత్వ కార్యాలయాలకు కూడా వర్తించేది. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించి, తరువాత అతని నుంచి రాబట్టుకోవాలని అందులో వుంది. ఆ మాటే ఎత్తితే మా గుమాస్తా నవ్వాడు. అది 20 మంది వున్నచోటికే. మా దగ్గర ఆరుగురు. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్ ఆ 20ని 50 చేసింది.

ప్రైవేటు యజమాని బాధ్యత తప్పించుకొంటే ప్రభుత్వం నిలదీయాలని మనం కోరుతాము. న్యాయమే. కాని ప్రభుత్వమే యజమాని అయి, అదే ఎత్తు వేస్తే నిలదీసేదెవరు?

ప్రభుత్వమంటే ఎక్కడో హైదరాబాదులో వుండేది మాత్రమే కాదు. ఆ ఆరుగురి హాజరు పట్టీ మీద నెలనెలా సంతకం చేసింది నేను. "పని సంతృప్తికరం" అని రాసిందీ నేనే. జీతాలు ముట్టినవా అని ఆ నాలుగు నెలలలో ఒక్కసారైనా అడగలేదు. చివరకు డబ్బు వచ్చింది, ఒక నెల తగ్గించి. ఆ నెల ఏమైందో ఎవరూ చెప్పలేదు.

మా అధ్యాపక సంఘం కోర్కెల పత్రంలో పదమూడు అంశాలున్నవి. అన్నీ మావే. వాళ్ల జీతానికి కళాశాలే జవాబుదారీ అనే పద్నాలుగో అంశాన్ని వచ్చే సమావేశంలో ప్రతిపాదిస్తాను. బలపరచేవారెందరో చూడాలి.