గట్టు పక్క గొంతులు

ఛాపెల్ హిల్ ఊరి చివర మేసన్ ఫార్మ్ అని ఒక అడవి ఉంది. నార్త్ కరొలైనా బొటానికల్ గార్డెన్ వాళ్ళ అజమాయిషీలో ఉంటుంది. వాళ్ళ అనుమతి తీసుకుని, మోర్గన్ క్రీక్ అనే వాగు దాటి లోపలికి వెళ్ళాలి. గట్టి వాన పడితే వాగు పొంగుతుంది కాబట్టి దారి తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఇంత హంగామా ఎందుకూ, కేరీలో పార్కులు తక్కువయ్యాయా అంటారేమో! ఏప్రిల్ నెలాఖరులో ఒక్క పొద్దున్న అక్కడ చెవులు రిక్కించి నిలబడి చూడండి.

2023లో మా నాన్నగారినీ, అమ్మాయినీ తీసుకుని వెళ్ళాను. నాన్నగారు తెనాలి దగ్గర పల్లెటూళ్ళో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. అమెరికా వచ్చాక ఆయనకి షాపింగ్ మాల్స్ కన్నా చెట్లే నచ్చాయి.

మేం వెతుక్కుంటూ వెళ్ళింది హుడెడ్ వార్బ్లర్ కోసం. పసుపుపచ్చని మొహం, తలకీ గొంతుకీ నల్లటి ముసుగు. పిల్లలూ, రెండు నికెల్ నాణేలు అరచేతిలో పెట్టుకోండి, ఇంచుమించు అంతే దాని బరువు! చలికాలమంతా మెక్సికోలోనో, మధ్య అమెరికాలోనో గడిపి, వసంతంలో మెక్సికో సింధుశాఖ మీదుగా ఎగిరి మళ్ళీ ఇక్కడికి వస్తుంది. చాలా మగపిట్టలు పోయినేడు తాము ఏలుకున్న చోటికే చేరి, ఇది నాది అని పాట మొదలెడతాయి.

ఒక పిట్ట మాకు కుడివైపు, ఇంకొకటి ఎడమవైపు పాడుతున్నాయి. "ఇంత దగ్గరగా ఉండి పోట్లాడుకోవేం తాతయ్యా?" అంది మా అమ్మాయి. "సరిహద్దు తేలిపోయాక పోట్లాట ఎందుకే తల్లీ" అన్నారు నాన్నగారు.

పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఇలాంటి ఇరుగుపొరుగు పక్షులని జేమ్స్ ఫిషర్ అనే ఆయన 1954లో 'ప్రియ శత్రువులు' అన్నాడు. వీడెన్, ఫాల్స్ అనే ఇద్దరు ఓవెన్ బర్డ్ అనే పిట్టలకి టేప్ రికార్డర్‌లో పాటలు వినిపించి, 1959లో ఆ సంగతి ప్రకటించారు. పక్కింటి పిట్ట పాటకి అంతగా చలించని పిట్ట, దూరపు పిట్ట పాట వినగానే కయ్యానికి దిగింది. న్యాయమే కదా, పక్కవాడికి తన చోటు తనకుంది. కొత్తగా వచ్చినవాడికే చోటు కావాలి. రోజంతా పక్కవాడితో కాట్లాడుతూ కూర్చుంటే పురుగులు ఏరుకునేదెప్పుడు, పిల్లల్ని సాకేదెప్పుడు?

ఇక మన ఛాపెల్ హిల్ సంగతి. ఇక్కడి యూనివర్సిటీలో రెనే గొడార్డ్ అనే ఆవిడ ఈ హుడెడ్ వార్బ్లర్ల మీదే పరిశోధన చేసింది. పక్కవాడి పాటని వాడి హద్దు దగ్గర వినిపిస్తే పిట్ట నిమ్మళంగా ఉంది. అదే పాటని ఎదురు హద్దు దగ్గర పెడితే మీదికొచ్చింది. అంటే గొంతు ఒక్కటే కాదు, ఆ గొంతు ఎక్కడ ఉండాలో కూడా దానికి తెలుసన్నమాట. వలస వెళ్ళి మరుసటి వసంతంలో తిరిగొచ్చిన పిట్టలకి నిరుటి పొరుగువాళ్ళ పాటలు వినిపించినా ఇదే తేడా! సుమారు ఎనిమిది నెలల ఎడబాటు తర్వాత కూడా మర్చిపోలేదు. 1991లో నేచర్ పత్రికలో వచ్చిందీ సంగతి. 1993లో ఇంకొకటి ప్రకటించింది. పక్కవాడు హద్దు దాటి లోపలికి వచ్చినట్టు పాట వినిపించాక, వాడు తన హద్దులో పాడినా సరే, పిట్ట కోపంతో ఎగిరొచ్చింది.

ఇది చెప్పగానే నాన్నగారు గట్టిగా నవ్వేశారు. "గట్టు జరిపినవాణ్ణి ఎవడు మర్చిపోతాడు!" అన్నారు. వంతు నీళ్ళకి రాత్రిళ్ళు పొలానికి వెళ్తే, చీకట్లో దగ్గు విని గట్టు పక్క రైతు ఎవరో పోల్చుకునేవారట. తెలిసిన దగ్గయితే లాంతరు ఎత్తి చూసే పనే లేదు. ఆ పొలం 2019లో అమ్మేశాం. గట్టు పక్కవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు.

"మరి పక్క పిట్ట తిరిగి రాకపోతే?" అని అడిగింది మా అమ్మాయి. చాలా పిట్టలు తిరిగి రావు. అంత సముద్రం, అన్ని తుఫాన్లు. ఖాళీ అయిన చోటికి కొత్త పిట్ట వస్తుంది. మొదట్లో కయ్యాలు తప్పవు, తరవాత దాని పాట కూడా అలవాటవుతుంది.

వెళ్ళదలిస్తే పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే పాట తగ్గుతుంది. దోమల మందు మర్చిపోవద్దు. కుక్కపిల్లని మాత్రం ఇంట్లోనే ఉంచండి, లోపలికి రానివ్వరు.