పొగ ఏ రంగు?

నాచారంలో మా అన్నదమ్ములిద్దరిదీ చిన్న టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు మోయడానికి ఉన్న బండి ఒక్కటే, 2010లో కొన్న టాటా 207. 2014లో రాష్ట్రం రెండయినా దాని నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉన్నది. రెండు కుటుంబాలు, పని చేసే నలుగురు కుర్రాళ్లు దాని మీదే బ్రతుకుతున్నాము గనుక అది దగ్గితే మా అందరికీ జ్వరం వచ్చినట్టే.

రెండేళ్ల క్రితం నవంబరు పెళ్లిళ్ల ముందు దానికి ఒక జబ్బు పట్టుకున్నది. తెల్లవారుజామున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకొనేది కాదు. ఎలాగో అందుకుంటే ఖాళీగా బాగానే పోయేది. లోడుతో లాలాపేట వంతెన ఎక్కేటప్పుడు మాత్రం సగంలో ఊపిరి ఆగినట్టు నీరసించేది. ముందుగా చూపించిన షెడ్డులో పది నిమిషాలు చూసి, ఇంజను దించవలసిందే అన్నారు. పిస్టన్లు, రింగులు, స్లీవులు, అన్నీ మార్చాలట. వారు చెప్పిన సొమ్ము మాకు ఆరు నెలల మిగులు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల కూడా అదే. ఆ రాత్రి ఇంట్లో ఎవ్వరమూ సరిగా భోజనం చేయలేదు. బండి అమ్మేద్దామా అన్న మాట కూడా వచ్చింది.

మరునాడు నాచారం పారిశ్రామికవాడలో చెట్టు కింద పని చేసుకొనే ఒక ముసలి డీజిల్ మేస్త్రీ దగ్గరకు వెళ్లాము. ఆయన బానెట్ ఎత్తనే లేదు.

“తమ్మీ, సెల్ఫ్ కొడ్తుంటే పొగ వస్తున్నదా?”

“రావట్లేదు మేస్త్రీ.”

“ఆయిల్ తగ్గుతున్నదా?”

“లేదు. నెల కింద పోసిందే ఉన్నది.”

“మరి ఇంజన్ ఎందుకు దించుతవు?”

ఆయన వివరించింది మాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. రింగులు అరిగితే ఆయిలు లోపలికి పోయి మండి నీలం పొగ వస్తుంది, ఆయిలు తరుగుతుంది. గాలి చాలక డీజిలు ఎక్కువైతే నల్ల పొగ. డీజిలు లోపలికి చేరి కూడా మండకపోతే తెల్ల పొగ. హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు దిగినా తెల్లగానే వస్తుంది, కాని అప్పుడు రేడియేటరులో నీళ్లు తగ్గిపోతుంటాయి. సెల్ఫ్ తిరుగుతున్నా అసలు పొగే లేదంటే డీజిలు ఇంజను వరకు రావడమే లేదన్నమాట.

తరువాత ఆయన చేసిన పరీక్షకు పైసా ఖర్చు కాలేదు. ట్యాంకు నుండి వచ్చే పైపు ఊడదీసి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో డీజిలు పోసి, అందులో నుండి చిన్న గొట్టంతో ఫీడ్ పంపుకు ఇచ్చాడు. గాలి తీసి సెల్ఫ్ కొట్టగానే బండి అందుకున్నది. అంటే పంపు మంచిదే, ఇంజను మంచిదే. తప్పంతా ట్యాంకుకూ పంపుకూ మధ్యనున్న నాలుగు గజాల పైపులో ఉన్నది. వెదకగా ట్యాంకు పైన క్లిప్పు కింద రబ్బరు పైపుకు వెంట్రుకంత పగులు కనబడింది.

పైపు పగిలితే డీజిలు కారాలి కదా అని మేము అడిగాము. ఆ వైపు పంపు డీజిలును పీలుస్తుంది గనుక బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. కారేది కంటికి కనబడుతుంది, పీల్చేది కనబడదు. రాత్రంతా ఆ గాలి వలన డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, అందుకే తెల్లవారి మొండికేయడం. లోడు మీద ఎక్కువ డీజిలు కావాలి, పంపు గట్టిగా పీలుస్తుంది, గాలి ఇంకా ఎక్కువ దూరుతుంది. వంతెన మీద నీరసం దానివల్లనే. కొత్త పైపు, రెండు క్లిప్పులు, ఆయన కూలి కలిపి ఒక్కరోజు బండి కిరాయి కూడా కాలేదు.

ఏళ్లు గడిచిన రబ్బరు పగలడం వింత కాదు. డీజిలు మారినా పాత రబ్బరు సీళ్లకు కష్టమే. అమెరికాలో 1993లో గంధకం తగ్గించిన డీజిలు వచ్చినప్పుడు చాలా పాత పంపుల సీళ్లు కారాయి. మన దేశమంతటా 2020 ఏప్రిల్ నుండి 50 పాళ్ల గంధకం పది లక్షలకు 10 పాళ్లకు దిగింది. మా పైపు ఎందువలన పగిలిందో చెప్పలేము గాని, ఆ మరుసటి వారమే బండిలోని రబ్బరు పైపులన్నీ వంచి వంచి చూసుకున్నాము.

ఎండాకాలంలో బండి వేడెక్కితే థర్మోస్టాట్ పీకి పారేయమని సలహా ఇచ్చేవారు ఇక్కడ వీధికొకరు. అది మాకు నచ్చదు. అది లేకుంటే ఇంజను తగినంత వేడి ఎక్కదు, డీజిలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. ముందు ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న చెత్త చూడాలి. అలాగే బ్యాటరీ చచ్చిందని కొత్తది కొనే ముందు బాడీకి బిగించిన ఎర్త్ వైరు తుప్పు గీకి చూడాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న మీటరు మా డ్యాష్‌బోర్డులో ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు, నడుస్తున్నప్పుడు పద్నాలుగుకు దగ్గరగా చూపిస్తే బ్యాటరీ జోలికి, డైనమో జోలికి పోము.

ఉప్పల్ దుమ్ము సంగతి వేరే చెప్పాలా? 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవరు పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ దారిన తిరిగిన రోజుల్లో ఎయిర్ ఫిల్టరు విప్పితే పిండిమరలో నుండి తీసినట్టుండేది. నల్ల పొగ కనబడిన రోజున ఇప్పటికీ మేము మొదట విప్పేది దానినే.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఏటా ఆ నెల వచ్చేసరికి ఇంట్లో ఆడవాళ్లు, “ఈసారైనా అమ్మేస్తారా?” అని అడుగుతారు. మేము లెక్క పుస్తకం తెచ్చి ముందు పెడతాము. ఏ రోజు ఏమి చెడింది, చలిగా ఉన్నప్పుడా, వేడి మీదా, ఖాళీగానా, లోడుతోనా అని అందులో రాస్తున్నాము. రిపేరు ఖర్చు కొత్త బండి నెల వాయిదాను దాటినప్పుడు అమ్ముదామని నలుగురమూ ఒప్పుకున్నాము. ఇంతవరకు దాటలేదు.

మొన్న సోమవారం రాసింది ఇది: వెనుక ఎడమ కమాన్ పట్టీలో కిర్రుమనే చప్పుడు. ఖాళీగా ఉన్నప్పుడే. కారణం ఇంకా దొరకలేదు.