కోటు విప్పితే కుందేలే!

నీలిరంగు కోటు, కాళ్లకు బూట్లు, రెండుకాళ్ల నడక... పీటర్ ర్యాబిట్‌ని చూస్తే అచ్చం అల్లరి పిల్లాడే. కానీ తోటమాలి మెక్‌గ్రెగర్ తరిమినప్పుడు చూడండి. బూట్లు ఊడగానే నాలుగు కాళ్ల మీద పరుగందుకుంటాడు. కోటు గుండీలు వలలో చిక్కుకుంటే దాన్నీ వదిలేస్తాడు. ఇక బొమ్మలో మిగిలేది భయంతో పారిపోతున్న మామూలు కుందేలు! చెవులు, వెన్ను వంపు, వెనక కాళ్ల ఊపు... ఏదీ తప్పుపోదు.

ఆ బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్ 1866లో లండన్‌లో ఓ సంపన్న కుటుంబంలో పుట్టింది. బడికి పంపలేదు, ఇంటికే టీచర్లు వచ్చేవారు. తమ్ముడు బెర్‌ట్రామ్, ఇద్దరూ పెంచుకున్న కుందేళ్లు, ఎలుకలు, గబ్బిలాలే ఆమె లోకం. చనిపోయిన జంతువుల్ని ఉడకబెట్టి, ఎముకలు వేరుచేసి మరీ బొమ్మలు వేసేవారట అక్కాతమ్ముళ్లు. (ఈ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది పెద్దల ఇష్టం!) ఆ గీతకు అంత పట్టు ఊరికే రాలేదు మరి.

పుట్టగొడుగుల మీదా ఏళ్ల తరబడి పరిశోధించిందామె. 1897లో లండన్ లినేయన్ సొసైటీకి పత్రం పంపితే, సమావేశంలో ఆమె తరఫున వేరొకరు సమర్పించాల్సి వచ్చింది. అప్పట్లో ఆడవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు. ఆ సొసైటీయే 1997లో ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఒప్పుకుంది, సరిగ్గా వందేళ్లకు!

పీటర్ కథ అంతకుముందే పుట్టింది. 1893 సెప్టెంబరు 4న, మంచంపట్టిన నోయెల్ అనే ఐదేళ్ల బాబుకి రాసిన బొమ్మల ఉత్తరం అది. తనకు చదువు చెప్పిన టీచరమ్మ కొడుకే ఆ నోయెల్. తర్వాత దాన్ని పుస్తకంగా వేయమంటే ప్రచురణకర్తలు కాదన్నారు. చిన్న చేతుల్లో ఇమిడే చిట్టి పుస్తకమే కావాలని ఆమె పట్టు. చివరికి 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించింది. ఆ బొమ్మలకు ప్రాణమిచ్చిన పెంపుడు కుందేలు పీటర్ మాత్రం అదే ఏడాది జనవరిలో చనిపోయింది. దాని పేరుతో వచ్చిన పుస్తకాన్ని మర్నాటి ఏడు ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల్లో అచ్చేసింది.

ఆ సంస్థకు చెందిన నార్మన్ వార్న్‌తోనే 1905లో పెళ్లి కుదిరింది. వ్యాపారం చేసుకునేవాడితో సంబంధమేమిటని అమ్మానాన్నలు ఒప్పుకోలేదు. ఆమె వెనక్కి తగ్గలేదు. నెల తిరక్కుండానే అతను కన్నుమూశాడు. ఆ ఏడాదే లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే పొలం కొనుక్కుంది. తర్వాతి పుస్తకాల్లో కనిపించే మెట్లు, వాకిళ్లు చాలావరకు ఆ ఇంటివే.

1943లో కన్నుమూసేనాటికి ఆమె చేతిలో 4 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. అదంతా నేషనల్ ట్రస్టుకు రాసిచ్చేసింది. ఆ కొండల్లో హెర్డ్‌విక్ జాతి గొర్రెల్ని మాత్రం మేపుతూనే ఉండాలంది.