దారిలో గడ్డకట్టకూడదు!

ఐసు కావాలంటే నీళ్లు గడ్డకట్టాలి. నిజమే. కానీ ఎక్కడ కట్టాలన్నదే అసలు సంగతి. ఫ్రిజ్‌లోకి వెళ్లాక కట్టాలి కానీ, వెళ్లే దారిలో కట్టకూడదు. అమెరికాలో చక్రాల మీద కాపురం చేసేవాళ్లకు చలికాలం వచ్చిందంటే ఇదో పెద్ద తలనొప్పి.

ఆర్‌వీ... అంటే రిక్రియేషనల్ వెహికల్. పడక, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బండి. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల్లోని రిటైరైనవాళ్లు చాలామంది ఈ బళ్లలో టెక్సస్‌కో అరిజోనాకో ఫ్లోరిడాకో వెళ్లి చలికాలం గడిపి వస్తారు. వలసపక్షుల్లా వచ్చిపోతారు కాబట్టి వాళ్లను 'స్నోబర్డ్స్' అంటారు.

మిషిగన్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన ఓ తెలుగాయన, ఆయన భార్య రిటైరయ్యాక అలాంటి బండి ఒకటి కొన్నారు. ఓ డిసెంబరులో టెక్సస్‌కు బయల్దేరారు. ఫ్రిజ్‌లోని ఐస్ మేకర్‌కి నీళ్లు తీసుకెళ్లే సన్నటి గొట్టానికి ఆయన ముందుగానే ఫోమ్ తొడుగు వేశారు. 'స్వెటర్ వేశాంగా, ఇంకేం భయం' అనుకున్నారు. ఇండియానాలో రాత్రంతా సున్నాకు దిగువన చలి. ఏమీ కాలేదు. ఇల్లినాయ్ దాటారు. అప్పుడూ ఏమీ కాలేదు. ఆర్కాన్సాలో హాయిగా ఎండ కాసింది. కథ అక్కడ మొదలైంది.

''ఏమండీ, కుళాయి కట్టలేదా?''

''కట్టేశానే!''

''మరి పంపెందుకు మోగుతోంది?''

ఎవరూ చుక్క నీరు వాడకుండానే పంపు ఉండుండి గుర్రుమంటోంది. వంగి చూస్తే ఫ్రిజ్ ముందున్న పట్టా తడిసి ముద్దయింది. గొట్టం పగిలింది ఇండియానాలో, బయటపడింది ఆర్కాన్సాలో. గడ్డకట్టినంతసేపూ ఆ ఐసే పగులుకు బిరడాలా అడ్డుపడుతుంది. కరిగాకే కారడం మొదలవుతుంది.

నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఐస్ మేకర్ గొట్టం చూస్తే పావు అంగుళం. ట్యాంకు నిండా ఉన్న నీళ్లు చల్లబడటానికి చాలా సమయం పడుతుంది. గొట్టంలోని కాసిని నీళ్లకు అంత సమయం అక్కర్లేదు. కప్పులో టీ కన్నా సాసర్లో పోసిన టీ ముందు చల్లారినట్టే ఇదీనూ.

దానికితోడు ఆ గొట్టం ఉండే చోటు అలాంటిది. ఆర్‌వీల్లో ఎక్కువకాలంగా వాడుతున్న అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంట వేడితోనో కరెంటు వేడితోనో చల్లదనం పుట్టిస్తుంది. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ వేడి బయటికి పోవడానికి బండి పక్కగోడకు కిటికీలాంటి జాలీ తలుపు ఉంటుంది. ఐస్ మేకర్ వాల్వు, గొట్టం చాలా బళ్లలో సరిగ్గా ఆ జాలీ వెనకే ఉంటాయి. లోపల హీటర్ వేసుకుని మనుషులు వెచ్చగా పడుకున్నా, ఆ గొట్టం మాత్రం వీధరుగు మీద పడుకున్నట్టే. బండి హైవే మీద పరుగు తీస్తుంటే చలిగాలి ఇంకా జోరుగా తగులుతుంది.

మరి స్వెటర్ ఏం చేసినట్టు? స్వెటర్ వేడి పుట్టించదు. ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. కదలకుండా నిలిచిపోయిన నీటికి సొంత వేడి ఎక్కడిది? ఫోమ్ తొడుగు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. జాలీకి అట్టముక్కలు అడ్డంపెట్టేవాళ్లూ ఉన్నారు. అది మరీ ప్రమాదం. లోపల గ్యాస్ మంట ఉంటుంది. గాలి ఆడాలి, పొగ బయటికి పోవాలి.

చలిలోనూ ఐస్ మేకర్ వాడి తీరాలంటే ఆ గొట్టానికి వేడి ఇవ్వాల్సిందే. కరెంటుతో వెచ్చబడే హీట్ టేప్‌ను గొట్టం పొడవునా, వాల్వు దాకా వేస్తారు. చలి పెరిగితే దానంతటదే పనిచేసేలా థర్మోస్టాట్ ఉన్నది తీసుకోవాలి. టేపు మీద టేపు చుట్టకూడదు. మంట దగ్గరికి చేరనివ్వకూడదు.

కానీ హీట్ టేప్‌కి కరెంటు కావాలి. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. అదే వారం టెక్సస్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది. మామూలు ఇళ్లలోనే పైపులు పగిలాయి. దక్షిణాదికి చేరితే గండం గడిచినట్టేనని ఇక ఎవరనుకుంటారు?

అందుకే తిరుగులేని ఉపాయం ఒక్కటే. గొట్టంలో నీళ్లే లేకుండా చేయడం. లేని నీరు గడ్డకట్టదు కదా! ముందు ఐస్ మేకర్‌ను ఆపాలి. చాలావాటిలో పక్కనుండే తీగ కడ్డీని పైకెత్తితే చాలు. తర్వాత నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, జాలీ తలుపు తీసి, గొట్టాన్ని వాల్వు దగ్గర రెండువైపులా విప్పి నీళ్లు కార్చేయాలి. మిగిలిన చుక్కల్ని తక్కువ ఒత్తిడి గాలితో ఊదేయాలి. వాల్వులో మిగిలే తడి కూడా పోవాలి. చాలాసార్లు పగిలేది అదే. మిగతా పైపుల్లో పోసే గులాబీరంగు యాంటీఫ్రీజ్‌ను ఇందులో పోయొచ్చా లేదా అన్నది ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం చూసే తేల్చుకోవాలి. కార్లలో పోసే యాంటీఫ్రీజ్ సాధారణంగా విషం. దాన్ని మంచినీళ్ల దారిలోకి రానివ్వకూడదు.

పావు అంగుళం గొట్టానికి ఇంత హంగామా ఎందుకంటే... ఆర్‌వీ నేల చాలావరకు చెక్కపలక. నీళ్లు నానితే కుళ్లుతుంది. సరదాకి తిరిగేవాళ్లకు అది రిపేరు ఖర్చు. కానీ 2008 మాంద్యం తర్వాత అద్దెలు కట్టలేక బళ్లలోకి మారినవాళ్లూ ఉన్నారు. 2020లో వచ్చిన 'నోమాడ్‌ల్యాండ్' సినిమా చూపించింది అలాంటివాళ్లనే. వాళ్లకు నేల కుళ్లడమంటే ఉన్న ఒక్క ఇల్లూ పాడైపోవడమే.

మిషిగన్ దంపతులు ఇప్పుడు దీపావళి వెళ్లగానే గొట్టం ఖాళీ చేసేస్తారు. ఐసు కావాలంటే ప్లాస్టిక్ ట్రేలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెడతారు. ''అంత ఖరీదైన బండిలో ట్రేలా?'' అని స్నేహితులు నవ్వితే ఆవిడ జవాబు సిద్ధం. ''ట్రేలో నీళ్లు దారిలో గడ్డకట్టవండీ!''