ఎదిగిన పిల్లలతో మూడునాళ్ల పట్టణ ప్రయాణము

ప్రయాణమనిన మన యిండ్లలో ఇల్లాలికి ముందుగ తోచునవి మూటలే. ఎన్ని చీరలు పెట్టవలెను, దారిలోనికి పులిహోర యెంత కలుపవలెను, పాలవానికి చెప్పితిమా, పెరటి మొక్కలకు నీరెవరు పోయుదురు అను నాలోచనలతోనే సగము సత్తువ తరిగిపోవును. పిల్లలు పసివారుగ నున్నంతకాలము ప్రయాణ సన్నాహమనగా ఇంతియే. తీసికొనిపోయిన చోటికి వారు వత్తురు, చూపినదెల్ల చూతురు, అలసినచో ఒడిలో నిద్రపోవుదురు. వారు ఎదిగిన పిమ్మట మూటలు కట్టుట తేలికయగును, మనసులు కూర్చుట కష్టమగును. ఈ సంగతిని మేము గడచిన యేడు ఆషాఢమాసమున చెన్నపట్టణమునకు పోయివచ్చి తెలిసికొంటిమి. ఎదిగిన బిడ్డలుగల సోదరీమణులకు కొంత ఉపకరించునేమోయని ఇచట వ్రాయుచున్నాము.

మాది తెనాలి. మా పెద్దమ్మాయికి పదునెనిమిదేండ్లు నిండినవి. పొరుగు రాష్ట్రములోని యొక కళాశాలలో ఆమెకు సీటు దొరకినది. శ్రావణమాసములో హాస్టలునకు వెళ్లవలెను. చిన్నవానికి పదునైదేండ్లు. వాడు ఇంట నున్నను లేనట్లే. అన్నము తినునప్పుడును చూపు ఫోనుమీదనే. అడిగినదానికి ‘ఊఁ’ అనుటయే వాని సంభాషణము. అమ్మాయి వెళ్లిపోవుటకు ముందు నలుగురమును కలిసి మూడునాళ్లు ఎక్కడనైన గడపవలెనని మాకు కోరిక కలిగెను. ఒకసారి హాస్టలునకు పోయిన బిడ్డ మరల ఇంటికి సెలవులకు వచ్చు చుట్టమే కదా!

చెన్నపట్టణమును మేమే నిశ్చయించితిమి. మా తాతల కాలమున ఆంధ్ర జిల్లాలవారికి రాజధాని అదియే. కోర్టు పనికైనను, పెద్ద వైద్యమునకైనను అచటికే పోవుచుండిరి. ప్రభుత్వమువారు మదరాసు అను పేరును మాన్పి చెన్నై యని పెట్టినది 1996లోనే గాని, మనవారు మొదటినుండియు చెన్నపట్టణమనియే పిలుచుచుండిరి. తెనాలిలో ఉదయము రైలెక్కినచో ఎక్కడను మారకుండ ఆ దినమే దిగవచ్చును. మూడునాళ్ల ప్రయాణమునకు దారిలోనే ఒక దినమునకు మించి పోయినచో చూచుట కేమి మిగులును?

ఒక గీతల పుస్తకము తీసికొని, గంటలవారిగ పట్టిక వ్రాసితిమి. కోట, సముద్రతీరము, మ్యూజియము, గుడులు, పాముల పార్కు, అడయారు మఱ్ఱి, చీరల దుకాణములు, అన్నియు కలిపి పదునాలుగు స్థలములు. ఇంత చక్కగ ఏర్పాటు చేసితిమను గర్వముతో రాత్రి భోజనముల వేళ చదివి వినిపించితిమి. అమ్మాయి విని, “అమ్మా, ఇది ప్రయాణమా, పరీక్షల టైంటేబులా?” అనెను. చిన్నవాడు తల యెత్తకయే, “మీరు పోయి రండు. నేను నాయనమ్మకు తోడుగ నుందును” అనెను.

మాకు కోపము వచ్చినమాట నిజము. కోపముకంటె దుఃఖమే ఎక్కువ. ఎవరికొరకు ఈ శ్రమయంతయు? గిన్నెలు సర్దుచు మాలో మేము గొణుగుకొనుచుండగా మా అత్తగారు విని, “అమ్మాయీ, నీవు వడ్డించినదెల్ల తినుటకు వారింకను పసివారా? ఆకు వేసి, ఏమి కావలెనో అడుగుము” అనిరి. పదునారేండ్లు వచ్చిన బిడ్డను స్నేహితునివలె చూడవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను పదిమందికి చెప్పితిమే గాని, మన యింట ఆచరింపవలసిన దినము వచ్చినదని మాకు తోచలేదు.

మరునాడు పుస్తకము మూసి పెట్టి, నలుగురమును కూర్చుంటిమి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పూట యని నిర్ణయించుకొంటిమి. ఆ పూట ఎక్కడికి పోవలెనో వారే చెప్పవలెను. తక్కినవారు ముఖము చిట్లింపక వెంట పోవలెను. ఒక పూటకు ఒకే స్థలము. పనులు కూడ పంచుకొంటిమి. రైలు టికెట్లు, పట్టణములోని మెట్రో రైలు దారులు చిన్నవాని వంతు. బస యేర్పాటును, ఖర్చుల లెక్కయును అమ్మాయివి. సామానులు మా వారివి. దారి భోజనము మాది. పిల్లలిద్దరికి వేయి రూపాయల చొప్పున ముందే చేతి కిచ్చి, కొనుగోళ్లకు మరల మమ్ము అడుగరాదని చెప్పితిమి.

ఇక కోరికలు. మేము ఎగ్మూరు మ్యూజియములోని అమరావతి శిల్పములను కోరుకొంటిమి. మా వారు మైలాపూరు అనిరి. చిన్నవాడు పెరంబూరు దగ్గరి రైలు మ్యూజియము అనెను. వానికి రైళ్లనిన ఇంత ఆసక్తి కలదని మాకా దినమే తెలిసినది! అమ్మాయి కొంచెము తడవు ఊరకుండి, “నా పూట నేనొక్కతెనే తిరిగివత్తును” అనెను.

ఎవరును మాటాడలేదు. మా వారు, “తెలియని ఊరు, తెలియని భాష, అది కుదురదు” అనిరి. మా మనస్సులోని మాటయు అదియే. కాని రాత్రి నిద్ర పట్టక ఆలోచించితిమి. నెల తిరుగునప్పటికి ఆమె తెలియని ఊరిలో, తెలియని భాష నడుమ, ఒంటరిగనే యుండవలెను. మనము కూతవేటు దూరములో నుండగా మూడుగంటలు తిరుగనీయలేనివారము, మూడేండ్లకు ఎట్లు పంపగలము? తెల్లవారి మా వారితో ఈ మాటయే చెప్పగా వారును ఒప్పుకొనిరి. అయిదుగంటలకు బసకు చేరవలెననియు, చేరినచోటినుండి ఫోను చేయవలెననియు, బస చిరునామాను కాగితముమీద వ్రాసి సంచిలో పెట్టుకొనవలెననియు నియమములు పెట్టితిమి. ఆమె అన్నిటికిని తల యూపెను.

గురువారము బయలుదేరితిమి. పులిహోర, పెరుగన్నము, చేగోడీలు నెల్లూరు దాటునప్పటికే చెల్లిపోయినవి. ఎగ్మూరులో మ్యూజియమునకు నడచిపోగల దూరములో అమ్మాయి బస కుదిర్చినది. ఆ సాయంకాలమునకు ఏమియు పెట్టుకొనలేదు. వీధిలో నడచి, వేడివేడి పొంగలి తిని, డికాక్షను కాఫీ త్రాగి పండుకొంటిమి. చేరిననాడే పరుగులు తీయనందువలన మరునాడు అందరి ముఖములును తేటగ నున్నవి.

శుక్రవారము ఉదయము మా పూట. ఉత్సాహముతో మ్యూజియమునకు పోగా గేటు మూసియున్నది. శుక్రవారము దానికి సెలవుదినమట! పదునాలుగు స్థలములను గంటలతో సహా వ్రాసిన మేము సెలవుదినము మాత్రము చూడలేదు. పిల్లలముందు మాకు సిగ్గు వేసెను. ఎండలో నిలిచి మా వారితో వాదమునకు దిగుచుండగా, చిన్నవాడు ఫోను చూచి, “రైలు మ్యూజియమునకు సెలవు సోమవారము. నా పూట ఇప్పుడు తీసికొని, అమ్మ పూట రేపటికి మార్చుకొందము” అనెను. అంత తేలికగ చిక్కు విడిపోయినది. వాడు ముందు, మేము వెనుక.

సోదరీమణులారా, ఆ పూట మేము చూచినది రైళ్లను గాదు, మా కుమారుని. పాత ఆవిరి యంత్రముల నడుమ నిలువబడి వాడు చెప్పుచుండెను: ఆ ప్రక్కనేయున్న పెట్టెల కర్మాగారము 1955లో ప్రారంభమైనదట, మొదట స్విట్జర్లాండువారి సహకారముతో పెట్టెలు చేయ నేర్చుకొనిరట, ఇప్పుడు మన దేశమున తిరుగు వందే భారత్ రైళ్లలో మొదటిది 2018లో అచటనే తయారైనదట. చక్రములెట్లు బిగింతురో, ఒక పెట్టెను ఇంకొక పెట్టెకు ఎట్లు తగిలింతురో చేతులతో చూపెను. ఏడాదిలో వాడు మాతో ఆడిన మాటలన్నియు కలిపినను ఆ రెండుగంటల మాటలంత కావు. వాడు మాటాడనివాడు గాడు. వానికి తెలిసినదానిని మేమడుగలేదు, అంతియే. చదివితివా, తింటివా అను రెండు ప్రశ్నలకు ‘ఊఁ’ కంటె వేరు జవాబేమి యుండును? ఆ సాయంకాలము మెరీనా తీరమున అలలలో కాళ్లు తడుపుకొనుచు కూడ వాడు రైళ్ల సంగతులే చెప్పెను. మేము వింటిమి.

శనివారము ఉదయము మ్యూజియము తెరచియున్నది. మా పుట్టినిల్లు అమరావతి సమీపమున కృష్ణ యొడ్డుననే. ఆ స్తూపము రాళ్లను ఒకకాలమున సున్నమునకై కాల్చిరని మా అమ్మమ్మ చెప్పుచుండెడిది. మిగిలినవానిలో కొన్నిటిని వాల్టరు ఎలియట్టు దొర 1845లో త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చెను. వానిలో ననేకము 1859లో లండనునకు తరలిపోయినవి. నేటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. పుట్టినింటి ఊరి శిల్పములను చూచుటకు ఇంతదూరము రావలసినదా యని తోచినను, పాలవంటి ఆ తెల్లని రాతిముందు నిలిచినంతనే ఆ మాట మరచితిమి.

వానిలో ఒక గుండ్రని పలక కలదు. మదించిన నాలగిరి యను ఏనుగు వీథిలో జనులను త్రొక్కుచు వచ్చుచున్నది. మేడల కిటికీలనుండి జనులు చూచుచున్నారు. ఆ పలకలోనే మరియొకవైపున అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. అమ్మాయి చాలసేపు చూచి, “రెండేనుగులు గావమ్మా, ఒకటే. ముందు భయము, తరువాత శాంతము. రెండును ఒకే రాతిలో” అనెను. మధ్యాహ్నము ఆమె ఒంటరిగ పోవలసిన సంగతి మా మనస్సులో మెదలుచునే యుండెను. మేము బదులు చెప్పలేదు.

భోజనములైన పిమ్మట ఆమె సంచి తగిలించుకొని బయలుదేరెను. మౌంటు రోడ్డులో 1844 నాటినుండియు నడచుచున్న హిగ్గిన్‌బాతమ్స్ పుస్తకముల దుకాణమును చూడవలెనని ఆమె కోరిక. చిన్నవాడు దారి చెప్పెను: ఎగ్మూరులో మెట్రో ఎక్కి సెంట్రలులో మారి, ఎల్.ఐ.సి. స్టేషనులో దిగవలెను. మూడుగంటలకు చేరితినని ఫోను చేసెను. నాలుగున్నరకు మేము చేయగా ఫోను పలుకలేదు. అయిదైనది. అయిదుంబావైనది. మా వారు గుమ్మమువద్ద నిలువబడిరి. మేము పత్రిక తిరుగవేయుచుంటిమి గాని ఒక్క అక్షరమును కంటి కగపడలేదు. ఎందుకు పంపితిమా యని ఎన్నిసార్లనుకొంటిమో! అయిదున్నరకు ఆమె వచ్చెను. ముఖమంతయు చెమట; చేతిలో రెండు పుస్తకములు.

“ఫోనులో చార్జి అయిపోయినదమ్మా. సెంట్రలులో దిగి మారవలసినది మరచి, మన్నడి దాకా పోయితిని. ఒక పెద్దావిడను సైగలతో అడిగి, ఎదుటి బండి ఎక్కి వచ్చితిని.”

నోటిదాకా వచ్చిన కేకలు అచటనే ఆగిపోయినవి. ఆమె తప్పును దాచలేదు, ఏడువలేదు, తానే సరిదిద్దుకొని వచ్చెను. మేము గేటుముందు పడిన తికమకకంటె ఇది మేలే. మా వారు ఒక్క మాట యనిరి: “రేపటినుండి ఫోను నిండుగ చార్జి చేసికొని బయలుదేరుము.” అందరమును నవ్వితిమి.

ఆ సాయంకాలము మా వారి పూట. మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిన యిల్లు రాయపేట హైరోడ్డుమీద కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చుటకు ఆ త్యాగమే కారణమని మా వారు పిల్లలకు చెప్పిరి. తరువాత కపాలీశ్వరుని దర్శించి, మాడవీథులలో నడచితిమి. అచటి గుడులు మధ్యాహ్నము మూసి సాయంకాలము తెరతురు గనుక ఆ వేళ అనుకూలించినది. ఆదివారము తిరుగు రైలెక్కితిమి.

మేము గ్రహించినవి కొన్ని విన్నవింతుము. మూడునాళ్లలో పూటకొక స్థలమే చాలును. సెలవుదినములను, తెరచు వేళలను బయలుదేరకముందే చూచుకొనవలెను. బస, చూడవలసిన ముఖ్యస్థలమునకు దగ్గరగ నుండవలెను. సొమ్ములో కొంత పిల్లల చేతికి ముందే ఇచ్చి లెక్క వారికే విడువవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఎదిగిన బిడ్డను వెంట తీసికొనిపోవుట మాని, ఒక్క పూటయైనను వాని వెంట మనము పోవలెను. మా పుస్తకములోని పదునాలుగు స్థలములలో మేము చూచినవి ముచ్చటగ మూడు. తక్కినవి చూడలేదను చింత మాలో నొక్కరికిని లేదు.

శ్రావణమాసములో అమ్మాయి హాస్టలునకు వెళ్లినది. వెళ్లిన వారమునకు ఫోను చేసి, “ఈ దినము తప్పు బస్సెక్కితినమ్మా” అనెను. ఒకప్పుడైనచో అయ్యోయని గుండెలు బాదుకొనెడివారము. ఇప్పుడు, “తరువాత ఏమి చేసితివి?” అని అడిగితిమి. ఆమె చెప్పనారంభించెను. ప్రక్కన కూర్చున్న చిన్నవాడు, “అక్కా, బస్సెందులకు? అచట రైలున్నది” అని ఫోను మా చేతినుండి లాగికొనెను.