ఇసుక కింద ఏరు

మా అమ్మమ్మది చంద్రగిరి పక్క పల్లె. ఆమె నోట నది అన్న మాట నేనెప్పుడూ వినలేదు. స్వర్ణముఖి ఆమెకు ఏరు, అంతే. "ఏట్లో నీళ్ళొచ్చినాయంట" అని ఎవరైనా కేకేస్తే చేతిలో పని వదిలేసి ఊరంతా గట్టుకు పోయేది. ఏడాదిలో ఎక్కువ నాళ్ళు అక్కడ కనిపించేది ఇసుకే. అయినా ఆ ఇసుక వెంబడే కోటలు లేచాయి, గుళ్ళు వెలిశాయి. పోయిన మార్గశిరంలో, తుపాను వాన వెలిసిన నాలుగో రోజు, చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా ఏటి వెంట రెండు రోజులు బండి మీద తిరిగాను.

పొద్దున్నే చంద్రగిరి కోటలో జనం లేరు. మూడంతస్తుల రాజమహల్ ముందు గడ్డి ఇంకా తడిగా ఉంది. కొయ్యతో పని లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే ఆ మేడ నిలిపారు. సాళువ నరసింహుడు అధికారం పెంచుకున్నది ఇక్కడినుంచే. తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుగొండకు తరలిన విజయనగర రాజ్యం, ఆ తర్వాత చంద్రగిరికే వచ్చి తలదాచుకుంది. 1639లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మద్రాసులో కోట కట్టుకోడానికి పట్టా పుచ్చుకున్న నేల కూడా ఈ రాజుల ఏలుబడిలోదే. అంత మహానగరానికి మూలం ఈ నిశ్శబ్దంలో ఉందంటే అక్కడ నిలబడ్డా నమ్మబుద్ధి కాదు.

తొండవాడలో బండి ఆపి ఏట్లోకి దిగాను. భీమ, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలిసే చోటిది. గట్టు మీద అగస్త్యేశ్వరస్వామి గుడి. ఈ ఏటిని నేలకు తెచ్చింది అగస్త్యుడేనని స్థలపురాణం. చిన్నప్పుడు ముక్కోటి తిరునాళ్ళకు ఇక్కడికే వచ్చేవాళ్ళం. మధ్యలో పాయగా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. పాయకు పది గజాల దూరంలో ఒక ముసలాయన మేకల్ని వదిలి మోకాళ్ళ మీద కూర్చుని చెలమ తవ్వుతున్నాడు.

"పారే నీళ్ళు పక్కనే ఉండాయి గదా తాతా, చెలమెందుకు?"

"అవి వానవి నాయనా. ఇవి ఏటివి."

గుంటలో ముందు ఇసుక నల్లబడింది. తర్వాత అంచుల నుంచి సన్నగా చెమ్మ జారింది. ఆయన రెండుసార్లు బురదనీళ్ళు తోడి పారబోశాడు. మూడోసారి ఊరిన నీళ్ళు అడుగున గులకరాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. దోసిలి పట్టి తాగాను. చల్లగా, కొంచెం మట్టి వాసనగా ఉన్నాయి. "మా కాలంలో జానెడు తవ్వితే ఊరేది. ఇప్పుడు మోచెయ్యి మునగాల. నీళ్ళు నిలవాలంటే ఇసక ఉండాల గదా, ఆ ఇసకేదీ?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను రెండు రోజులూ వదల్లేదు. ఇసుకంటే ఇళ్ళు కట్టే సరుకని అనుకుంటాం. ఈ సీమలో ఇసుకే చెరువు. వాన నీటిని తనలోకి పీల్చుకుని, ఎండ తగలనీకుండా దాచి, వేసవిలో కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఆ ఊటనే పాతకాలం రైతులు ఏటి నుంచి ఊటకాలువలు తీసి పొలాలకు మళ్ళించుకున్నారు. లారీల్లో ఇసుక తరలిపోతే పోయేది ఆ నీళ్ళే. గట్టు బావి ఎండిందని కొత్త బోరు వేసే రైతుకు, పునాది తవ్వి మిద్దె లేపే మనిషికి మధ్య ఉన్న లెక్క ఇది. ఈ లెక్క ఎవరూ రాసి చూపడం లేదని నాకు బాధ.

తిరుచానూరు దగ్గర అమ్మవారికి దణ్ణం పెట్టుకుని ఎక్కువసేపు ఆగలేదు. 2021 నవంబరు వరదలో ఈ ఏరు గట్లు కోసి ఇళ్ళనే కూల్చింది. ఎండినంత మాత్రాన తన దారి మరిచిపోదు. ఊరు దాటాక మురుగు కలిసి నీళ్ళు నల్లబడ్డాయి. తలతిప్పుకుని పోవడం చేతకాలేదు, వంతెన మీద నిలబడి కాసేపు చూశాను.

గుడిమల్లం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రేణిగుంట దాటి ఏర్పేడు వైపు పోయి, వరి మళ్ళ మధ్య మలుపులు తిరిగితే పరశురామేశ్వరుడి గుడి. బయటినుంచి చూస్తే చిన్న ఊరి గుడే. గర్భగుడి వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. లోపల నేల ముఖమండపం కంటే పల్లంలో ఉంది. ఆ పల్లంలో దీపం వెలుగులో ముదురు గోధుమరంగు రాయి, సుమారు 5 అడుగుల ఎత్తు. లింగం ముందువైపు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడేసిన పొట్టేలు. ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. తలపాగా ఉంది, జంధ్యం లేదు. కాళ్ళ కింద ఒక యక్షుడు. క్రీస్తుకు ముందు రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల మాట.

నాకు మాత్రం పొద్దున చూసిన మేకల తాతే గుర్తొచ్చాడు. అదే నిలబడే తీరు, అదే బలం. దేవుణ్ణి చెక్కమంటే ఆ శిల్పి తన చుట్టూ ఉన్న మనిషినే చెక్కినట్టుంది. 1911 ప్రాంతంలో పురావస్తు పరిశోధకుడు గోపీనాథరావు ఈ లింగాన్ని పండితలోకం దృష్టికి తెచ్చారు. 1973లో పురావస్తు శాస్త్రవేత్త కార్తికేయశర్మ జరిపిన తవ్వకాల్లో లింగం చుట్టూ కట్టిన పాత రాతి కంచె, పెద్ద ఇటుకలు బయటపడ్డాయి. గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల శాసనాలున్నాయి, వాటిలో గుడిమల్లం అన్న పేరే లేదు. పూజారి, ఎప్పుడో అరవై ఏళ్ళకోసారి కింద నుంచి నీళ్ళు ఉబికి లింగాన్ని ముంచుతాయని చెప్పాడు. ఏరు అంత దగ్గర. కింది నుంచి వచ్చి స్వామికి అభిషేకం చేసిపోతుందంటే నమ్మాలనిపించింది.

రెండోరోజు శ్రీకాళహస్తి. ఇక్కడ ఏరు గుడి పక్కగా ఉత్తరానికి తిరిగి పారుతుంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. 2017లో కొత్తది లేచింది. గుడి కట్టిన కూలీలకు ఈ ఇసుకే కూలిగా ఇచ్చేవారట, ఎవరి కష్టానికి తగ్గట్టు వాళ్ళ గుప్పిట్లో బంగారమయ్యేదట. స్వర్ణముఖి పేరుకు మావాళ్ళు చెప్పే కథ అది.

సాయంత్రం ఒక కలంకారీ పనివాడు గుడ్డ భుజాన వేసుకుని ఏటివైపు పోతుంటే వెంట నడిచాను. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో నల్లగీతలు గీస్తారు. ఆ నలుపు ఇనుప తుప్పును, బెల్లాన్ని నీళ్ళలో పులియబెట్టి చేసింది. ఎరుపు రావాల్సిన చోట్ల పటిక పూసి, పారే నీళ్ళలో జాడించి, రంగు చెక్కలతో ఉడికిస్తారు. నిలిచిన నీళ్ళలో ఉతికితే వదిలిన పటిక పక్కకు అంటుకుని, తెల్లగా ఉండాల్సిన చోట మరకవుతుంది. అందుకే ఈ పనికి పారే నీరే కావాలి.

"తొట్టిలో బోరునీళ్ళతో చేయట్లేదా అన్నా?"

"చేస్తాండాం సామీ. ఏట్లో నీళ్ళుండే నాలుగు దినాలు మాత్రం ఈడికే వస్తా."

మోకాలి లోతున నిలబడి గుడ్డను నీటివాలుకు వదిలాడు. కన్నప్ప బొమ్మ కాసేపు ఏట్లో పడుకున్నట్టు కదిలింది. తర్వాత పిండకుండా మెల్లగా పైకి లాగి, తడి ఇసుక మీద పరిచి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టాడు.